సగటు లెక్కలో మాయమయ్యే తెల్లవారుజాము

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. పగలు ఎండలో ఆక్సిజన్‌ను తయారుచేసే నాచు, చీకటి పడ్డాక తానే దాన్ని పీల్చుకుంటుంది. భీమవరం చుట్టుపక్కల రైతులు ఆ వేళలో ఏరేటర్ల దగ్గర కాపలా ఉండేది అందుకే. ఇప్పుడు చెరువులో సెన్సర్ దించితే కొలతలు ఫోనుకే వస్తున్నాయి. మరి ఆ కొలతలను ఎలా దాచాలి?

ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పదనం ఈ నాలుగింటినీ నిమిషానికోసారి కొలిస్తే ఒక్క చెరువుకే ఏడాదికి 21 లక్షల అంకెలు. వెయ్యి చెరువులను చూసే సంస్థకు 210 కోట్లు. అయితే వీటిలో పాతవాటిని దిద్దాల్సిన పని దాదాపు ఉండదు, కొత్తవి వచ్చి చేరుతుంటాయంతే. రైతు అడిగేది కూడా ‘నిన్న రాత్రి ఎలా ఉంది?’ అనే. అందుకే ఇన్‌ఫ్లక్స్‌డీబీ, టైమ్‌స్కేల్‌డీబీ వంటి డేటాబేస్‌లు డేటాను కాలాన్ని బట్టి భాగాలు చేసి దాస్తాయి. నిన్నటి సంగతి కావాలంటే నిన్నటి భాగమే తెరుస్తాయి. గడువు తీరిన భాగాన్ని మొత్తంగా ఒక్కసారే తీసేస్తాయి.

చోటు అంత పెద్ద సమస్య కాదు. వరుస కొలతల మధ్య తేడా స్వల్పం కాబట్టి ఆ తేడాను మాత్రమే రాసుకుంటే సరిపోతుంది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2015లో వెల్లడించిన గొరిల్లా పద్ధతి, వాళ్ల సర్వర్ల కొలతల్లో ఒక్కోదాన్ని 16 బైట్ల నుంచి సగటున 1.37 బైట్లకు కుదించింది.

అసలు ప్రమాదం పాత కొలతలను రోజువారీ సగటుగా మార్చి, మూలాన్ని చెరిపేయడంలో ఉంది. మధ్యాహ్నం లీటరుకు 9 మిల్లీగ్రాములు, వేకువన 2 ఉన్న చెరువుకు కూడా సగటు 5 దాటి కనిపించవచ్చు. కాగితం మీద అంతా క్షేమమే, చెరువులో మాత్రం రొయ్యలు ఊపిరాడక తేలిపోతుంటాయి. కాబట్టి సగటుతోపాటు కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని కొలతలు అందాయన్న లెక్క కూడా ఉంచాలి. సెన్సర్ ఆగిపోయిన చోట సున్నా రాయకూడదు, ఖాళీగానే వదలాలి.

కాలం లెక్కలో ఇంకో చిక్కుంది. కంప్యూటర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో సమయం రాస్తాయి. అది మనకంటే అయిదున్నర గంటలు వెనుక. అంటే అక్కడ తేదీ మారేది మన ఉదయం 5:30కి, సరిగ్గా ఆక్సిజన్ అడుగంటే వేళకు! ఒకే వేకువ రెండు తేదీల కింద చీలిపోతుంది. దాచడం యూటీసీలో దాచినా, రోజు లెక్క మాత్రం మన గడియారం ప్రకారమే కట్టాలి. నెట్ లేక ఆలస్యంగా వచ్చిన కొలతకు అది చేరిన సమయం కాదు, కొలిచిన సమయమే వేయాలి.

సెన్సర్ కొనే రైతులు ధరతోపాటు ఈ రెండూ కూడా అడగండి: నిమిషం నిమిషం కొలతలు ఎన్నాళ్లు ఉంచుతారు? చెరిపే ముందు నా చెరువు లెక్క నాకు ఇస్తారా?