మీకు తెలుసా? పార్కిన్సన్స్ గుట్టు విప్పుతున్న చుంచెలుకలు

ఇంట్లో పెద్దవాళ్లకు చెయ్యి వణుకుతుంది, నడక తడబడుతుంది. వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటాం. అది పార్కిన్సన్స్ జబ్బు కావచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్‌హాన్స్‌లో దీనిమీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది.

● మందు మన దూలగొండి గింజల్లోనూ ఉంది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోవడంతో ఈ జబ్బు వస్తుంది. ఆ లోటు తీర్చే లెవొడోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. అయితే ఈ మందు కణాల చావును ఆపలేదు. అందుకే అవి ఎందుకు చస్తున్నాయో తెలియాలి.

● అనుమానం 1988లో మొదలైంది. కెనడాలోని వాంకూవర్‌లో ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం, చనిపోయిన రోగుల మెదళ్లలో మైక్రోగ్లియా రెచ్చిపోయి ఉండటం గమనించింది. మెదడుకు కాపలా కాసే రోగనిరోధక కణాలివి. మరి ఈ వాపు స్పందన, అంటే ఇన్‌ఫ్లమేషన్ జబ్బుకు కారణమా, ఫలితమా? చనిపోయాక చూసిన మెదడు ఆ సంగతి చెప్పలేదు. మొదటినుంచీ గమనించాలంటే జంతువులే దిక్కయ్యాయి.

● సూక్ష్మజీవి లేకపోయినా దాని పొర చాలు. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. 1998లో స్పెయిన్‌లోని సెవిల్ శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకల మెదడులో, డోపమైన్ కణాలుండే సబ్‌స్టాన్షియా నైగ్రాలోకి ఎక్కించారు. మైక్రోగ్లియా రెచ్చిపోయింది, డోపమైన్ కణాలు దెబ్బతిన్నాయి. ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటున్నా ఈ నష్టం జరగగలదని అలా తేలింది. మెదడులో మైక్రోగ్లియా బాగా దట్టంగా ఉండే చోట్లలో సబ్‌స్టాన్షియా నైగ్రా ఒకటి.

● ఒక్క ఇంజెక్షన్ ప్రభావం 10 నెలలు. 2007లో అమెరికా పరిశోధకులు చుంచెలుకల పొట్టలోకి ఎల్‌పీఎస్‌ను ఒకే ఒక్కసారి, పెద్ద మోతాదులో ఇచ్చారు. ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా రక్తంలో కొన్ని గంటల్లోనే, కాలేయంలో వారానికి తగ్గింది. మెదడులో మాత్రం 10 నెలలు నిలిచింది. 7 నెలలకు 23 శాతం, 10 నెలలకు 47 శాతం డోపమైన్ కణాలు పోయాయి.

● పేగుకూ పాత్ర ఉంది. 2016లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ శాస్త్రవేత్తలు, పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చేలా జన్యువులు మార్చిన చుంచెలుకలను ఏ సూక్ష్మజీవీ లేని వాతావరణంలో పెంచారు. పేగులో సూక్ష్మజీవులు లేని వాటిలో మెదడు ఇన్‌ఫ్లమేషన్, కదలికల ఇబ్బంది బాగా తగ్గాయి.

● నిమ్‌హాన్స్‌లో నల్లవీ, తెల్లవీ. మన దేశస్థుల మెదళ్లలో డోపమైన్ తయారుచేసే నల్లరంగు కణాలు బ్రిటన్ వాళ్లకంటే దాదాపు 40 శాతం తక్కువైనా, వయసుతోపాటు తరిగిపోవడం లేదని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. యూరప్, భారత మూలాలు కలిసిన ఆంగ్లో ఇండియన్లలో ఈ జబ్బు ముప్పు మిగతా భారతీయులకంటే తక్కువని 2003లో గమనించారు. ఆ తేడా అర్థం చేసుకోవడానికి, డోపమైన్ కణాలను చంపే ఎంపీటీపీ అనే విషానికి తేలిగ్గా లొంగే నల్ల చుంచెలుకలను, తట్టుకునే తెల్లవాటితో కలిపారు. పుట్టిన సంకర సంతానమూ విషాన్ని తట్టుకుందని 2017లో ప్రకటించారు. తర్వాత వీటిలో మైక్రోగ్లియా తీరునూ పోల్చి చూశారు.

● చుంచెలుకకు కుదిరింది మనిషికి కుదరాలని లేదు. ఏళ్ల తరబడి మనిషిలో ముదిరే జబ్బును ఏ జంతు నమూనా పూర్తిగా చూపలేదు. ఎలుకల్లో మేలు చేసిన ఏ మందూ మనుషుల్లో జబ్బును ఆపినట్టు ఇంతవరకూ రుజువు కాలేదు. కాబట్టి వాపు తగ్గించే మాత్రలు, స్టెరాయిడ్లు సొంతంగా వాడొద్దు. నరాల వైద్యుణ్ణి కలవండి.

● చివరి రుజువు మన చేతుల్లోనే ఉంది. ఎలుకలో కనిపించింది మనిషిలోనూ నిజమేనా అని తేల్చడానికి మనిషి మెదడే కావాలి. నిమ్‌హాన్స్‌లో 1995లో ఏర్పాటైన బ్రెయిన్ బ్యాంకు మరణానంతర మెదడు దానాన్ని స్వీకరిస్తుంది. జబ్బున్నవాళ్ల మెదడే కాదు, ఆరోగ్యంగా బతికినవాళ్ల మెదడూ పోల్చిచూడటానికి అంతే అవసరం.