రాజీనామా కాగితంపై సంతకానికి ముందు

సాఫ్ట్‌వేర్ సంస్థల్లో తొలగింపు సాధారణంగా తొలగింపు పేరుతో రాదు. ఒక మధ్యాహ్నం మానవ వనరుల విభాగం నుంచి పిలుపు వస్తుంది. చిన్న గదిలో ఇద్దరు అధికారులు కూర్చుని ఉంటారు. పనితీరు ఆశించిన స్థాయిలో లేదనో, ప్రాజెక్టు ముగిసిందనో చెప్పి, భవిష్యత్తు దృష్ట్యా స్వయంగా రాజీనామా చేయడమే మేలని సలహా ఇస్తారు. సాయంత్రంలోగా రాజీనామా నమోదు కాకపోతే 'తొలగించబడిన ఉద్యోగి' అన్న ముద్ర పడుతుందని, ఇక మరెక్కడా పని దొరకదని హెచ్చరిస్తారు. భయంతో చాలామంది ఆ గదిలోనే సంతకం చేసి బయటకు వస్తారు. ఆ సంతకంతో ఉద్యోగంతోపాటు చట్టం కల్పించిన కొన్ని హక్కులను కూడా వదులుకున్నామన్న సంగతి వారిలో అనేకులకు తెలియదు.

దేశంలో సమాచార సాంకేతిక పరిశ్రమ ఆదాయం 2024-25లో సుమారు 28,300 కోట్ల డాలర్లకు చేరిందని, 58 లక్షల మందికి ఉపాధి కల్పించిందని నాస్కామ్ అంచనా. వృద్ధి ఆగలేదు. కానీ ఆదాయం పెరిగితే ఉద్యోగాలు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయన్న పాత లెక్క మాత్రం తప్పింది. 2004లో స్టాక్ మార్కెట్‌లో నమోదైన తరువాత మొట్టమొదటిసారిగా 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249 మేరకు తగ్గింది. అదే ఏడాది ఇన్ఫోసిస్‌లో ఈ తగ్గుదల 25,994. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు ప్రాంగణంలో అంతర్గత పరీక్షల్లో ఉత్తీర్ణులు కాలేదన్న కారణంతో 300 మందికి పైగా శిక్షణార్థులు ఇంటిముఖం పట్టారు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. వీరిలో అధికులు మధ్య, ఉన్నత స్థాయిల వారే కావడం గమనార్హం.

కారణాలు ఒకటి కావు

కోవిడ్ అనంతరం 2021, 2022 సంవత్సరాల్లో సంస్థలు పోటీపడి నియామకాలు జరిపాయి. ఆ వెంటనే అమెరికా, ఐరోపాలలో వడ్డీ రేట్లు పెరగడంతో అక్కడి ఖాతాదారు కంపెనీలు ఖర్చులు బిగించాయి. దానికి తోడు కృత్రిమ మేధ రంగప్రవేశం చేసింది.

మన సాఫ్ట్‌వేర్ సంస్థల నిర్మాణం పిరమిడ్ వంటిది. అడుగున తక్కువ జీతంపై వేలాది మంది కొత్తవారు, వారిపై పర్యవేక్షకులు, ఆపైన మేనేజర్లు. ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్కపై ఖాతాదారు డబ్బు చెల్లిస్తాడు. అడుగున ఉన్నవారు చేసే పనిలో కొంత భాగాన్ని యంత్రమే చేయగలిగినప్పుడు ముందుగా కొత్త నియామకాలు తగ్గుతాయి. తరువాత ఆ కొత్తవారిని పర్యవేక్షించడమే పనిగా ఉన్న పది, పదిహేనేళ్ల అనుభవజ్ఞుల అవసరం ప్రశ్నార్థకమవుతుంది. ప్రాజెక్టు లేకుండా 'బెంచి'పై ఉండే కాలానికి కూడా ఇప్పుడు గడువు పడుతోంది. ఏడాదిలో కనీసం 225 రోజులు ఖాతాదారు పనిలో ఉండాలని, బెంచి కాలం 35 రోజులు మించరాదని 2025 జూన్‌లో టీసీఎస్ నిబంధన విధించింది.

ఉద్యోగా, కార్మికుడా?

తమకు కార్మిక చట్టాలు వర్తించవన్న అభిప్రాయం సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో బలంగా నాటుకుపోయింది. ఇది పూర్తిగా నిజం కాదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం (1947) లోనూ, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 'సాంకేతిక' పని చేసేవారు కార్మికుల నిర్వచనం పరిధిలోకి వస్తారు. వీరికి జీతపు పరిమితి లేదు. ప్రధానంగా నిర్వాహక, పరిపాలనా విధుల్లో ఉన్నవారిని, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం పొందే పర్యవేక్షకులను మాత్రమే కోడ్ మినహాయించింది. హోదా పేరులో 'మేనేజర్' అని ఉన్నంత మాత్రాన సరిపోదు. వాస్తవంగా చేసే పని ఏమిటన్నదే న్యాయస్థానాలు చూస్తాయి. 2015లో ఒక పెద్ద సంస్థ తొలగించిన అసిస్టెంట్ మేనేజర్ స్థాయి ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకోవాలని చెన్నై లేబర్ కోర్టు 2022లో ఆదేశించడం ఇందుకు నిదర్శనం. న్యాయం దొరికింది గాని, అందుకు ఏడేళ్లు పట్టిందన్నది కూడా మరువరాదు.

ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని యాజమాన్యం తన అవసరం తీరి తొలగించదలిస్తే నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు వేతనం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనాన్ని పరిహారంగా చెల్లించాలి. పునఃశిక్షణ నిధి కింద మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లోగా అతని ఖాతాలో జమ కావాలి. ఏడాదిలోపు అదే సంస్థ మళ్లీ నియామకాలు చేపడితే తొలగించినవారికి ముందుగా అవకాశం ఇవ్వాలి. అయితే ఇవన్నీ యాజమాన్యం తొలగించినప్పుడే. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి వీటిలో ఏదీ వర్తించదు. రాజీనామా కోసం అంత పట్టుదల ఎందుకో దీనివల్ల బోధపడుతుంది.

సంతకం ఖరీదు

ఒక ఉదాహరణ చూద్దాం. వేతనంగా లెక్కకు వచ్చే మొత్తం నెలకు 60,000 రూపాయలు, సర్వీసు ఆరేళ్లు అనుకుందాం. పరిహారం ఆరు పదిహేనులు 90 రోజులు, అంటే 1,80,000 రూపాయలు. పునఃశిక్షణ నిధి 30,000. వెరసి 2,10,000 రూపాయలు ఒక్క సంతకంతో చేజారిపోతాయి. గ్రాట్యుటీ సంగతి వేరు. అయిదేళ్లు నిండినవారు రాజీనామా చేసినా అది రావలసిందే. ఇదే ఉదాహరణలో అది సుమారు 2,07,700 రూపాయలు.

సంతకం చేయనే కూడదని దీని అర్థం కాదు. కొన్ని సంస్థలు చట్టం చెప్పినదానికన్నా ఎక్కువే ఇస్తాయి. నిర్వాహక విధుల్లో ఉన్నవారికి చట్ట రక్షణ అంతంతమాత్రం గనుక బేరమాడి మంచి మొత్తం తీసుకోవడమే వారికి లాభం కావచ్చు. చేసే సంతకం తెలిసి చేయాలి. అందుకు ఒకటి రెండు రోజుల వ్యవధి అడగడం తప్పు కాదు. కారణమేమిటో, ఇవ్వజూపుతున్నది ఎంతో, చివరి పని దినం ఏదో, అనుభవ ధ్రువపత్రం ఎప్పుడు ఇస్తారో ఈ నాలుగూ రాతపూర్వకంగా కోరాలి. బలవంతపు రాజీనామాను సవాలు చేయవచ్చు గాని, బలవంతం జరిగిందని నిరూపించే భారం ఉద్యోగిపైనే పడుతుంది. నియామక పత్రం, జీతపు చీటీలు, ఏటేటా ఇచ్చిన పనితీరు నివేదికలు ముందుగానే ఇంట్లో భద్రపరచుకున్నవారికే ఆ అవకాశం. కార్యాలయ కంప్యూటర్ తెర మూసుకున్న తరువాత అవి దొరకవు. ఉద్యోగం ముగిసిన రెండు పని దినాల్లోగా రావలసిన వేతనం చెల్లించాలని వేతనాల కోడ్ నిర్దేశిస్తోంది.

ఇంటి పద్దు

భయాన్ని తగ్గించేది ధైర్య వచనాలు కాదు, లెక్క. ఇంటి వాయిదా, పిల్లల ఫీజు, సరుకులు, తల్లిదండ్రుల మందులు కలిపి నెలకు తప్పనిసరి ఖర్చు ఎంతో కాగితంపై వేస్తే ఉన్న పొదుపు ఎన్ని నెలలు వస్తుందో తేలుతుంది. ఆరు నెలలకు సరిపడా నిల్వ లేనివారు కొత్త కారు, రెండో ఫ్లాటు ఆలోచనలను వాయిదా వేయడం వివేకం. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది గనుక కుటుంబానికి విడిగా పాలసీ ఉండటం అవసరం. వాయిదా తప్పక ముందే బ్యాంకును సంప్రదిస్తే గడువు పెంపు వంటి మార్గాలు ఉంటాయి. తప్పిన తరువాత అవి సన్నగిల్లుతాయి. ఉద్యోగం పోయినవారు భవిష్య నిధిలో 75 శాతం వెంటనే, మిగిలినది 12 నెలల తరువాత తీసుకునేలా 2025 అక్టోబరులో ధర్మకర్తల మండలి నిర్ణయించింది. అది వృద్ధాప్యానికి దాచుకున్న సొమ్ము గనుక చివరగా తీయవలసిన డబ్బేగాని మొదట తీయవలసినది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ సంగతి ఇంట్లో చెప్పడం. ఉద్యోగం పోయినా రోజూ సంచి తగిలించుకుని బయలుదేరి సాయంత్రం వరకు పార్కులో గడిపితే పరువు నిలవదు, పొదుపు కరిగిపోతుంది. నిద్రలేమి, నిరాశ వేధిస్తున్నవారికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'టెలి మానస్' ఉచిత సేవ 14416 నంబరుపై అందుబాటులో ఉంది.

కొత్త పని వేట

ఒక ప్రకటనకు వేలాది దరఖాస్తులు వచ్చి పడే రోజుల్లో ముక్కూ మొగం తెలియని చోటికి వంద దరఖాస్తులు పంపడం కన్నా, తన పని తెలిసిన పది మంది పాత సహచరులకు ఫోను చేయడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఎన్నేళ్ల అనుభవం అన్నదానికన్నా ఏ సమస్యను ఎలా పరిష్కరించారన్నది దరఖాస్తులో కనబడాలి. పర్యవేక్షణకే పరిమితమై కోడ్ రాయడం మరచిన సీనియర్లు మళ్లీ చేతితో పని చేయక తప్పదు. పెద్ద సేవా సంస్థలే దిక్కు కాదు. విదేశీ కంపెనీలు నేరుగా నెలకొల్పిన సామర్థ్య కేంద్రాలు 2024 నాటికే దేశంలో 1,700కు పైగా ఉండి, సుమారు 19 లక్షల మందికి పని కల్పించాయి. వాటిలో హైదరాబాదుది గణనీయమైన వాటా.

ఇదిలా ఉండగా, భయమున్న చోట మోసమూ ఉంటుంది. అమీర్‌పేట, మాదాపూర్ ప్రాంతాల్లో 'దొడ్డిదారి ఉద్యోగం' పేరుతో లక్షలు వసూలు చేసి బోర్డు తిప్పేసినవారి కథలు కొత్తవి కావు. ఉద్యోగం ఇచ్చే సంస్థ ఉద్యోగి నుంచి డబ్బు అడగదు. నకిలీ అనుభవ పత్రాల కాలం కూడా చెల్లింది. 2014 నుంచి భవిష్య నిధి ఖాతాలన్నిటికీ ఒకే సంఖ్య ఉండటంతో ఎక్కడ ఎన్నాళ్లు పనిచేసిందీ ఇట్టే తెలిసిపోతుంది.

అరవై రోజుల గడువు

హైదరాబాదులోని భయం ఒక రకమైతే, అక్కడి నుంచి అమెరికా వెళ్లినవారి భయం మరొక రకం. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తొలగిస్తామని ప్రకటించినప్పుడు తెలుగునాట అనేక ఇళ్లలో నిద్ర కరువైంది. హెచ్-1బి వీసాదారుకు ఉద్యోగం ముగిసిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆలోగా మరో యాజమాన్యం దరఖాస్తు దాఖలు చేయాలి, లేదా వీసా స్థితి మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు నుంచి ఈ లెక్క మొదలవుతుంది. ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం కన్నా చివరి పని దినాన్ని కొన్ని వారాలు పొడిగించమని కోరడం అక్కడ ఎక్కువ విలువైనది కావచ్చు. అక్కడైనా, ఇక్కడైనా కాగితంపై ఉన్న తేదీని, మాటను చదివి తీరాలి.

ఎవరికీ పట్టని లెక్క

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడినప్పుడు 50,000కు పైగా ఉద్యోగుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. కేంద్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలో బోర్డును రద్దు చేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్ నాటికి సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. సంస్థ ఒక్కసారిగా కూలినప్పుడు ప్రభుత్వం కదిలింది. అదే సంఖ్యలో ఉద్యోగులు ఒక్కొక్కరుగా, 'స్వచ్ఛంద రాజీనామా' పేరుతో వెళ్లిపోతే అది ఏ లెక్కలోకీ రాదు. ఉద్యోగ బీమా పథకం కింద నిరుద్యోగులకు 90 రోజుల వరకు సగం వేతనం ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉన్నప్పటికీ, సాధారణ ఉద్యోగులకు నెలకు 21,000 రూపాయల వేతన పరిమితి కారణంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో అత్యధికులు దాని పరిధిలోకి రారు. వచ్చిన నెల నుంచే ఆదాయపు పన్ను చెల్లించే ఈ వర్గానికి పని పోయిన నెలలో ఆసరా లేదు.

మూకుమ్మడి రాజీనామాలను తొలగింపులుగానే పరిగణించి కార్మిక శాఖలు లెక్కలు అడగాలి. ఉద్యోగి, యాజమాన్యం, ప్రభుత్వం కలిసి భరించే నిరుద్యోగ బీమా ఈ రంగానికి కూడా విస్తరించాలి. అంతవరకు ఆ చిన్న గదిలోకి పిలుపు అందుకున్నవారికి ఉన్న రక్షణ వారి ముందుజాగ్రత్తే. అక్కడ చెప్పవలసిన మాట ఒక్కటే: 'చదివి, ఆలోచించి, రేపు చెబుతాను'.