తెర మసకబారిందా... తొందరపడకండి!

ల్యాప్‌టాప్‌ ఆన్‌ అవుతోంది. ఫ్యాన్‌ తిరుగుతోంది. తెర మాత్రం గాలిలో పెట్టిన దీపంలా మినుకుమినుకుమంటోంది. లేదంటే ఏమీ కనిపించనంతగా మసకబారిపోయింది. ‘రేపే ప్రాజెక్టు ఇవ్వాలి’ అని పిల్లల కంగారు, ‘మళ్లీ ఎంత ఖర్చో’ అని పెద్దల బెంగ. రిపేరు షాపుకి వెళితే తరచూ వినిపించే మాట ఒకటే... ‘తెర మార్చాలి’. అన్ని భాగాల్లోనూ ఖరీదైన వాటిలో అదొకటి. నిజంగా మార్చాలా వద్దా అన్నది స్క్రూడ్రైవర్‌ పట్టకుండానే ఇంట్లో చాలావరకూ తేల్చుకోవచ్చు. అన్నట్టు, తెర పోయినంత మాత్రాన ఫైళ్లు పోవు. అవి ఉండేది డిస్కులో.

వెలుగు వేరు... బొమ్మ వేరు!

చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఎల్‌సీడీ తెర. దానికి సొంత వెలుగు లేదు. వెనకనుంచి బ్యాక్‌లైట్‌ వెలిగితేనే బొమ్మ కనిపిస్తుంది. సుమారు 2010కి ముందు ఆ పని చేసింది సన్నటి ట్యూబ్‌లైటు లాంటి దీపం. దానికి ఎక్కువ వోల్టేజీ అందించడానికి ఇన్వర్టర్‌ అనే చిన్న బోర్డు ఉండేది. తరచూ పాడయ్యేదీ అదే. తర్వాత ఎల్‌ఈడీలు వచ్చాయి, ఇన్వర్టర్‌ మాయమైంది. అందుకే కొత్త ల్యాప్‌టాప్‌కి ‘ఇన్వర్టర్‌ పోయింది’ అని ఎవరైనా అంటే కాస్త అనుమానించాల్సిందే.

ముందు పైసా ఖర్చులేనివి

తెర మసగ్గా ఉంటే మొదట బ్రైట్‌నెస్‌ మీట నొక్కి చూడండి. ఛార్జరు తీయగానే వెలుగు తగ్గుతోందా? అది బ్యాటరీ సేవర్‌ పని కావచ్చు. గదిలో వెలుతురును బట్టి తనంతట తానే మారే సెట్టింగ్‌ ఉంటే ఆపేయండి. అయస్కాంతం ఉన్న ఫోన్‌ కవరు ల్యాప్‌టాప్‌ మీద పెట్టినా కొన్నింట్లో తెర ఆరిపోతుంది. మూత మూసేశారని అది పొరబడుతుంది మరి!

మినుకుమంటుంటే కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎస్కేప్‌ మీటలు ఒకేసారి నొక్కండి. విండోస్‌లో టాస్క్‌ మేనేజర్‌ తెరుచుకుంటుంది. మిగతావన్నీ మినుకుమంటూ అదొక్కటే నిలకడగా ఉంటే ఏదో ప్రోగ్రామ్‌ది తప్పు. అదీ మినుకుమంటే డిస్‌ప్లే డ్రైవర్‌ని అనుమానించాలి. ఇంకా సందేహమా? ల్యాప్‌టాప్‌ ఆన్‌ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లండి. చాలావాటిలో ఎఫ్‌2 లేదా డిలీట్‌ మీట. అక్కడ విండోస్‌ ఉండదు. అయినా మినుకుమంటే లోపం వస్తువులోనే. చూశాక ఏమీ మార్చకుండా బయటికొచ్చేయండి.

టార్చి, టీవీ చాలు

ఇప్పుడు గది చీకటి చేసి, ఆన్‌లో ఉన్న తెర మీదికి టార్చిలైటు ఏటవాలుగా వేయండి. నీడలా బొమ్మ కనిపిస్తే తెర గీస్తోందనే అర్థం, బ్యాక్‌లైటే వెలగట్లేదు. తప్పు బ్యాక్‌లైట్‌దో, దానికి కరెంటు తెచ్చే తీగదో, మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యూజుదో కావచ్చు. ఓఎల్‌ఈడీ తెరలకి బ్యాక్‌లైట్‌ ఉండదు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

తర్వాత హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ చక్కగా వస్తే తెరదో, దాని కేబుల్‌దో లోపం. అక్కడా గీతలు పడితే గ్రాఫిక్స్‌ చిప్‌ వైపు చూడాలి. అప్పుడు తెర మార్చినా డబ్బు దండగే.

మడత దగ్గర గుట్టు

మూతని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదపండి. ఒక కోణంలో బాగుండి, మరో కోణంలో మినుకుమంటే మడత గుండా వెళ్లే కేబుల్‌ నలిగినట్లే. ఇది పెద్ద కంపెనీలకీ తప్పలేదు. 2016లో వచ్చిన మ్యాక్‌బుక్‌ ప్రోలలో కొన్నింటికి తెర అడుగున నాటకం స్టేజీ లైట్లలా వెలుగుమచ్చలు కనిపించేవి. సన్నటి కేబుల్‌ మూత తెరిచినప్పుడల్లా ఒత్తిడికి గురవడమే కారణమని 2019 జనవరిలో ఐఫిక్సిట్‌ సంస్థ వివరించింది. ఆ ఏడాది మేలో 13 అంగుళాల 2016 మోడళ్లకి ఉచితంగా బాగుచేసే కార్యక్రమాన్ని యాపిల్‌ ప్రకటించింది. మూతని ఒక మూల పట్టుకుని లాగకుండా మధ్యలో పట్టుకుని తెరిస్తే మడతకీ, కేబుల్‌కీ మంచిది.

షాపుకి వెళ్లే ముందు...

* వారంటీ ఉంటే విప్పొద్దు, విప్పించొద్దు.

* టీవీకి కలిపి ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

* కీబోర్డు ఉబ్బినట్లున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో! వెంటనే వాడకం ఆపి నిపుణులకి చూపించాలి.

* లోపల కేబుల్‌ తీసేముందు ఛార్జరుతో పాటు బ్యాటరీ కనెక్టర్‌నీ విడదీయాలి. లేదంటే బ్యాక్‌లైట్‌ ఫ్యూజు కాలిపోవచ్చు.

* తెర మార్చక తప్పదంటే పాతదాని వెనకున్న మోడల్‌ నంబరు, 30 పిన్నులా 40 పిన్నులా అన్నది సరిచూసుకోవాలి. సైజు ఒకటే అయినా పిన్నులు కలవకపోతే కొత్తది పనిచేయదు.

సికింద్రాబాద్‌ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌కి వెళ్లినా, మీ వీధి చివరి దుకాణానికి వెళ్లినా ‘తెర పాడైంది’ అని మాత్రం చెప్పకండి. ‘టీవీలో బాగానే వస్తోంది, మూత కదిపితేనే మినుకుమంటోంది’ అని చెప్పి చూడండి. కేబుల్‌తో పోయేదానికి తెర ఖరీదు కట్టే అవసరం తప్పుతుంది!