ఒక్క సంతకం – వంద తలుపులు

బస్ పాసు ఎలా ఇస్తారో మీకు తెలుసు కదా. కౌంటర్లో ఉన్నాయన మన ఊరు వచ్చి విచారించడు. ఫారం మీద హెడ్మాస్టరు గారి సంతకం, స్కూలు ముద్ర ఉన్నాయా అని చూస్తాడు. స్కూలు మాట మీద నమ్మకంతో పాసు ఇస్తాడు. కంప్యూటర్లలో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటుంది. దాని పేరు షిబ్బోలెతు.

విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్ళకు ఎన్నో పరిశోధన పత్రికలు కంప్యూటర్లోనే దొరుకుతాయి. పూర్వం ఒక్కో పత్రికకు ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సి వచ్చేది. కొన్నయితే కాలేజీ ఆవరణలో ఉంటేనే తెరుచుకునేవి. సెలవులకి ఇంటికి పోతే చదువు ఆగినట్టే!

ఈ ఇబ్బంది తీర్చటానికి ఏ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్ విడిగా రాసుకుంటే ఖర్చు ఎక్కువ. పైగా ఒకరిది ఇంకొకరితో కలవదు. అందుకని అమెరికాలో ఇంటర్‌నెట్2 అనే విశ్వవిద్యాలయాల సంఘం 2000లో ఈ పని మొదలుపెట్టింది. 2003లో మొదటి షిబ్బోలెతు బయటికి వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కింద తీగల నెట్‌వర్క్, పైన మనం చదివే పత్రికలు; ఈ రెండింటి మధ్యన పనిచేస్తుంది కాబట్టి ఇలాంటి దాన్ని మిడిల్‌వేర్ అంటారు.

అది పనిచేసే విధానం ఇది:

1. పత్రిక తెరవబోతే "నీది ఏ కాలేజీ?" అని అడుగుతుంది.
2. మనల్ని మన కాలేజీ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కడ మాత్రమే ఇస్తాం.
3. కాలేజీ కంప్యూటర్ "ఈ మనిషి మా విద్యార్థే" అని సంతకం చేసిన చీటీ లాంటిది పంపుతుంది.
4. పత్రిక తలుపు తెరుచుకుంటుంది.

గమనించండి, పాస్‌వర్డ్ పత్రికవాళ్ళకు చేరదు. అవసరం లేకపోతే మన పేరు కూడా చెప్పక్కర్లేదు, విద్యార్థి అని తెలిస్తే చాలు. కాలేజీలు, పత్రికలు ముందుగానే ఒక సమాఖ్యగా చేరి, ఒకరి మాట ఒకరు నమ్మాలని ఒప్పందం చేసుకుంటాయి. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇలాంటి సమాఖ్యను నడుపుతోంది. దాని పేరు ఇన్‌ఫెడ్.

ఇందులో ప్రమాదమూ ఉంది. ఒక్క తాళం చెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయంటే, ఆ చెవి పోతే అన్నీ పోయినట్టే. కాబట్టి రేపు కాలేజీకి వెళ్ళాక ఎంత దగ్గర స్నేహితుడికైనా పాస్‌వర్డ్ చెప్పకండి.

ఇక ఆ పేరు సంగతి. బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథంలో ఒక కథ ఉంది. యుద్ధంలో ఓడిన ఎఫ్రాయిము వాళ్ళు యొర్దాను నది దాటబోతే, రేవు దగ్గర కాపలా ఉన్న గిలాదు వాళ్ళు "షిబ్బోలెతు అను" అనేవాళ్ళు. ఎఫ్రాయిము వాళ్ళకి 'ష' పలకదు, "సిబ్బోలెతు" అనేవాళ్ళు. అన్నవాణ్ణి అక్కడే చంపేసేవాళ్ళు!

మనలో కూడా 'శంకర్'ని 'సంకర్' అంటే నవ్వేవాళ్ళు ఉన్నారు. ఇంట్లో కోయ, కొండ, సవర భాషలు మాట్లాడి వచ్చినవాళ్ళకి కొన్ని అక్షరాలు వెంటనే పలకవు. అది తెలివితక్కువతనం కాదు. ఈనాటి షిబ్బోలెతు మనిషి పలుకు చూడదు, వాడు చదువుకునేవాడా కాదా అని మాత్రమే చూస్తుంది. యంత్రం నేర్చుకున్న ఈ పాటి మర్యాద మనం నేర్చుకోలేమా?