పొట్టేలు ధర, మాంసము ధర: వ్యత్యాస మెందుకు?

సంతలో పొట్టేలు పలికిన ధరకు, పట్నములో కిలో మాంసము పలుకు ధరకు పొంతన లేదనియు, నడుమ సొమ్మంతయు దళారుల పాలగుచున్నదనియు గొఱ్ఱెల పెంపకందారులు తరచు అనుచుందురు. 2019 పశుగణనలో తెలంగాణ 1.91 కోట్ల గొఱ్ఱెలతో దేశమున ప్రథమ స్థానములోను, ఆంధ్ర ప్రదేశ్ 1.76 కోట్లతో ద్వితీయ స్థానములోను నిలిచినవి గనుక ఈ మాటను కొంచెము లెక్క కట్టి చూడవలసియున్నది.

పొట్టేలు అంతయు మాంసము కాదు. నెత్తురు, తోలు, తల, కాళ్ళు, పేగులు, పొట్టలోని మేత, నీరు పోగా, బ్రతికిన బరువులో నూటికి ఇంచుమించు 45 మొదలు 50 పాళ్ళు మాత్రమే ఎముకతో కూడిన మాంసముగా మిగులును. బక్కచిక్కిన జీవమైనచో ఇంకను తగ్గును. 30 కిలోల పొట్టేలును కిలో 400 రూపాయల చొప్పున 12,000 రూపాయలకు కొన్నారనుకొందము. దాని నుండి 14 కిలోల మాంసము వచ్చినచో కిలోకు 857 రూపాయలు పడును. ధర రెట్టింపు దాటుటకు ఇందులో ఎవరి చేతివాటమును లేదు.

తలకాయ, కాళ్ళు, బోటి అమ్మగా కొంత తిరిగి వచ్చునన్నది నిజమే. ఒకప్పుడు తోలు కూడ మంచి వెల తెచ్చెడిది. ఇటీవల తోళ్ళ ధర పడిపోవుటచే ఆ లోటు మాంసము మీదనే పడుచున్నది. బండి కిరాయి, సంత రుసుము, కోత కూలి, దుకాణపు అద్దె, అమ్ముడుపోని మాంసము, దారిలో జీవము తగ్గు బరువు, ఇవన్నియు దీనిపై చేరును.

రైతుకు అసలు నష్టము వేరొకచోట నున్నది. మన సంతలలో చాలచోట్ల జీవాలను తూచరు. నడుము పట్టి చూచి జతకింత అని బేరమాడుదురు. దినమూ ఇదే పనిగా నున్న వ్యాపారి చెయ్యి త్రాసు వంటిది. ఏడాదికొకసారి అమ్మువాని చెయ్యి అట్టిది కాదు. పొట్టేలుకు 2 కిలోలు తక్కువగా ఎంచినచో పై ధర ప్రకారము 800 రూపాయలు, 20 పొట్టేళ్ళకు 16,000 రూపాయలు అక్కడికక్కడే పోవును.

కావున సంతకు తోలు నాటి ఉదయము, మేత, నీరు పెట్టక మునుపే, వ్రేలాడు కాటాకు గోనెపట్టా కట్టి జీవాలను తూచి బరువు వ్రాసికొనవలెను. ఉప్పు పెట్టి నీరు త్రాగించి బరువు పెంచుట కొందరి అలవాటు. వ్యాపారి అది ఎరిగియే ధర తగ్గించును. సంతలో ఒక కాటా ఉంచుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు; గ్రామాధికారులు పూనుకొనవచ్చును. బక్రీదు సంగతి వేరు. అప్పుడు కొనువారు అంగలోపము లేని, చూడముచ్చటైన పొట్టేలుకు మాంసపు లెక్కకు మించి ఇచ్చుట కలదు. అట్టివానిని జతలలో కలిపి అమ్మక, ముందుగనే వేరు చేసి నిలుపుకొనవలెను.