పొయ్యి పొగ చెప్పే మాట



కమలాపురం పరిసరాల్లో పుష్య మాసపు తెల్లవారుజామున చేనికి పోయినవారు ఒక సంగతి గమనించే వుంటారు. ముందటి సాయంత్రం ఎవరో కాల్చిన చెత్త పొగ చెదిరిపోక, చాప పరిచినట్లు చేను మీదనే నిలిచి వుంటుంది. పొద్దు బాగా ఎక్కేసరికి అదే మాయమౌతుంది. దీని కారణం తెలిస్తే చెత్తను ఏం చేయాలో, మందు ఎప్పుడు చల్లాలో మీకే బోధపడుతుంది.

పగలు ఎండకు నేల కాగుతుంది. నేలను అంటుకొన్న గాలి వేడెక్కి, తేలికపడి పైకి లేస్తుంది; పొగనూ దుమ్మునూ తనతోబాటు తీసుకుపోయి పలచబరుస్తుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. కాని మబ్బూ గాలీ లేని చలికాలపు రాత్రి ఈ వరస తారుమారౌతుంది. నేల తన వేడిని ఆకాశానికి విడిచి త్వరగా చల్లారుతుంది. కింది గాలి చల్లనై బరువెక్కుతుంది. దానిమీద వెచ్చని గాలి, కుండమీద మూకుడులాగా కూర్చుంటుంది. పాపాఘ్ని, పెన్న ఒడ్డు పల్లపు చేలల్లో చల్లగాలి మరింత నిలుస్తుంది. 1952 డిసెంబరులో లండన్ నగరంమీద ఇలాంటి మూత అయిదు రోజులు తొలగలేదు. బొగ్గు పొగకు వేలమంది ప్రాణాలు పోయినవి.

మరి మన గాలిలో ఏమున్నది? ఎర్రగుంట్ల ప్రాంతంలో సున్నపురాయి వుంది గనుక సిమెంటు కర్మాగారాలు వచ్చినవి. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండుతుంది. తడి తగిలితే సిమెంటు గట్టిపడుతుందని మీకు తెలుసు. ఆకుమీది మంచుకు ఆ దుమ్ము అలాగే పెచ్చు కడుతుంది. ఆకుకు ఎండ సరిగా సోకదు. అది ఊపిరి పీల్చే సన్నని రంధ్రాలు పూడిపోతాయి. బొగ్గులోని గంధకం మండితే సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటైన వాయువు పుడుతుంది. అది మంచులో కరిగితే ఆమ్లమౌతుంది. ఈ వాయువును పొగగొట్టం దాటకముందే సున్నపురాయి పొడితో పట్టి జిప్సంగా మార్చే పద్ధతి వుంది. మనం బుడ్డల చేనికి వేసే జిప్సం కూడా సున్నమూ గంధకమూ కలిసినదే.

“అంత పెద్ద పొగగొట్టాల ముందు నా చెత్తమంట ఎంత?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఎత్తయిన గొట్టం తన పొగను చాలా పైన వదులుతుంది. పొద్దెక్కి మూత కరిగేవేళ అందులో కొంత కిందికి దిగుతుంది. మీ చెత్తమంట మాత్రం మూత కిందనే, మీ ఇంటి పక్కనే మండుతుంది. ఆ పొగలో తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు నలుసులుంటాయి. అవి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. ముసలివారికి, పసిపిల్లలకు, ఉబ్బసం వున్నవారికి అది చేటు.

కనుక పంటచెత్తను కాల్చవద్దు. ముక్కలుచేసి నేలలో కలియదున్నండి, లేదా దిబ్బకు వేసి ఎరువు చేయండి. గాలి స్తంభించిన తెల్లవారుజామున మందు చల్లవద్దు. సన్నని తుంపర నేలకు దిగక గాలిలో తేలి, పక్క చేనికో మీ ముఖంమీదికో వస్తుంది. పొద్దెక్కి, ఆకు మెల్లగా కదిలేదాకా ఆగండి.

ఇందుకు యంత్రమేమీ అక్కరలేదు. పొయ్యి పొగ చూడండి. పైకి లేచి చెదిరిపోతే గాలి ఆడుతున్నట్లు. కొంచెం లేచి పక్కకు పరుచుకొంటే మూత పడినట్లు. విస్తరణ కార్యకర్తలు ఒక్క ఉదయం రైతులను చేను గట్టున నిలబెట్టి దీన్ని చూపిస్తే చాలు, పది ఉపన్యాసాల పని జరుగుతుంది.