బరువులెత్తితే ఒళ్ళు బిగుసుకుపోతుందా?

మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కాంపు వెనక గోడ పక్కన కుర్రాళ్ళ జిమ్ము కనిపిస్తుంది. జిమ్ము అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు ఖాళీ పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో ఒక పైపు గుచ్చారు, అంతే. టైం షీట్లు రాసి రాసి పొట్టలు పెంచుకున్న మేము కూడా అప్పుడప్పుడు వెళ్ళి ఆ పైపు పట్టుకుంటాం.

మొన్న శుక్రవారం షట్టరింగ్ పనిచేసే ఒక పెద్దాయన కుర్రాళ్ళని కోప్పడ్డారు. "ఒరేయ్, బరువులెత్తితే ఒళ్ళు బిగుసుకుపోద్దిరా, రేపు చెయ్యి సుత్తికి కూడా వంగదు" అని. అందరూ నవ్వారు. కానీ అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్‌లు కూడా 1950ల దాకా సరిగ్గా ఇదే మాట అనేవారు. అది మనం చూసే ఫుట్‌బాల్ కాదు లెండి. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని, ఎదుటివాళ్ళని గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. అంత మోటు ఆటలో కూడా బరువులు ముట్టుకోవద్దనేవారు. కండలు పెరిగితే కాలు చెయ్యి మందగిస్తాయని వాళ్ళ భయం.

ఆ భయం పోవడం వెనక ఒక సరదా కథ ఉంది. 1940లో స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో బరువులెత్తేవాళ్ళ ప్రదర్శన జరిగింది. అక్కడి ప్రొఫెసర్ కార్పోవిచ్‌కి వీళ్ళ మీద నమ్మకం లేదు. జాన్ గ్రిమెక్ అనే కండల వీరుణ్ణి, ఏదీ, నీ వీపు గోక్కో చూద్దాం అన్నారు. గ్రిమెక్ రెండు భుజాల మధ్య హాయిగా గోక్కుని, ఆ పైన కాళ్ళు రెండూ బారజాపి నేలకి ఆనించి చూపించాడు! తర్వాత ఆ ప్రొఫెసరే మరొకరితో కలిసి 600 మందిని పరీక్షించారు. బరువులెత్తేవాళ్ళు 300, ఎత్తనివాళ్ళు 300. చెయ్యి గుండ్రంగా తిప్పడంలో ఎత్తేవాళ్ళే వేగంగా ఉన్నారని 1951లో ప్రచురించారు.

కాగితం మీద రాస్తే కోచ్‌లు నమ్ముతారా? లూసియానాలోని బాటన్ రూజ్‌లో ఆల్విన్ రాయ్ అనే ఆయన జిమ్ము నడిపేవారు. ఇస్ట్రూమా హైస్కూలు కోచ్‌ని బతిమాలి ఒప్పించి, ఆ పిల్లల చేత బరువులెత్తించారు. 1955లో ఆ జట్టు ఓటమి లేకుండా రాష్ట్ర ఛాంపియన్ అయింది. అందులో ఆడిన బిల్లీ కానన్ 1959లో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే అతి పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇక జీతాలిచ్చి ఆడించే జట్ల సంగతి. శాన్ డియాగో చార్జర్స్ 1962లో 14 ఆటల్లో గెలిచినవి నాలుగే. 1963లో కోచ్ సిడ్ గిల్మన్ రాయ్‌ని బరువుల కోచ్‌గా పెట్టుకున్నారు. ఆ సీజన్‌లో 11 ఆటలు గెలిచారు. ఫైనల్లో బోస్టన్ మీద 51-10. ఆ తర్వాత జట్లు ఒక్కొక్కటిగా బరువుల గదులు కట్టుకున్నాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 1963 శిక్షణలో బరువులతో పాటు భోజనాల బల్ల మీద గులాబీ రంగు మాత్రలు కూడా పెట్టారని ఆటగాళ్ళే తర్వాత చెప్పారు. పేరు డయానబాల్. అది స్టెరాయిడ్. ఒకాయన డాక్టరుకి చూపిస్తే అది ప్రమాదమన్నారు. దాంతో కొందరు మానేశారు, కొందరు మానలేదు. లీగ్ దాన్ని నిషేధించింది 1983లో, వాడినవాళ్ళని ఆట నుంచి తప్పించడం మొదలుపెట్టింది 1989లో. గెలుపు మాత్ర వల్లే అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మేం మాత్రం ఒప్పుకోం. ఆ మాత్ర అమెరికాలో అమ్మకానికొచ్చిందే 1958లో. ఇస్ట్రూమా పిల్లలు మూడేళ్ళ ముందే గెలిచారు కదా!

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మా కాంపులో స్టీల్ ఫిక్సర్ తమ్ముడొకడు ఒక చిన్న డబ్బా తెచ్చి, "అన్నా, దీని మీద ఇంగ్లీషుల ఏం రాసిండ్రు, జర సదివి చెప్పు" అన్నాడు. ఎవరో పవర్ గోళీలని అమ్మారట. చదివితే మిథాన్‌డైనోన్ అని ఉంది. డయానబాల్‌లో ఉండే మందు అదే. కాలేయం చెడుతుంది, బీపీ పెరుగుతుంది, పిల్లలు పుట్టే శక్తి తగ్గుతుంది అని చెప్పాం. వచ్చే నెల్లో సెలవు మీద వెళ్ళి పెళ్ళి చేసుకోవాల్సినవాడు, మొహం పాలిపోయింది.

డబ్బా మా సొరుగులోనే ఉంది. అడగడానికి ఇంకా రాలేదు. సాయంత్రం పైపు దగ్గర మాత్రం కనిపిస్తున్నాడు.